మూడో తరమని బొంకిన చిప్పు

మా సించూ ఊళ్లో తూ మెయ్-చిన్ అంటే ఎవరో చాలామందికి తెలియదు. ఇరవై రెండేళ్లపాటు, డిస్కులకు చిప్పులు చేసే మా కంపెనీ రెండో అంతస్తులో, మరుగుదొడ్ల పక్క గదిలో కూర్చుని డ్రైవర్లు రాసింది. డ్రైవరంటే బండి తోలే మనిషి కాదు, డిస్కులోని చిప్పుకూ కంప్యూటరుకూ మధ్య మాట కలిపే ప్రోగ్రాము. ఆ గది ఎప్పుడూ కంపే. పైవాళ్లు ముక్కు మూసుకుని వచ్చి, పని చెప్పి పరుగున పోయేవారు. ఆవిడ అక్కడే డబ్బా విప్పి ఎండు ముల్లంగి వేసిన గుడ్డట్టు తినేది.

"ఈ కంపులో ముద్దెలా దిగుతుందక్కా?" అన్నానోసారి.

"పైన మీ మీటింగుల కంటే నయమేలేరా," అంది.

ఆవిడ డ్రైవరు చేసేదేమిటంటే, కంప్యూటరు వెలగగానే చిప్పును అడుగుతుంది: నిన్ను చేసిందెవరు, నువ్వే రకం, ఎన్నో తరం? చిప్పు తనలో చెక్కి ఉన్న అంకెలు అప్పజెబుతుంది. రెండో తరమంటే డేటా నెమ్మదిగా రాయాలి. మూడో తరమంటే ఆగక్కర్లేదు. అంతా ఆ అంకె మీది నమ్మకమే.

నాలుగో తరం చిప్పును చవకలో చుట్టబెట్టారు. రాశాక కాస్త ఆగకపోతే చివరి ముక్క గాల్లో కలిసిపోతుంది. అయినా లోపలి అంకె మాత్రం మూడే ఉంచారు, సిగ్గులేని వెధవలు! అంకె మారితే కొనేవాళ్లు మళ్లీ మూడు నెలలు పరీక్షలు పెడతారని మా మేనేజరు, కూ అనేవాడి భయం. చిప్పుల్ని పరీక్షించేవాణ్ణి నేనే కాబట్టి నాకు మొదటి రోజే తెలుసు. మెయ్-చిన్‌కు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పరీక్షల యంత్రం బుద్ధిగా ఉండాలని మేమంతా దాని నెత్తిన పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి కొత్తది తెచ్చి పెట్టి, దండం పెట్టుకుని ఇంటికి పోయాను.

ఆరు వారాలకు పళ్ల డాక్టర్ల దగ్గర ఎక్స్‌రేలు సగం సగం మాయమయ్యాయి. ఆ డిస్కులు అమ్మిన కంపెనీవాళ్లు మా మీద విరుచుకుపడ్డారు. మెయ్-చిన్ నాలుగు రోజులు కుర్చీ దిగలేదు. చిప్పులో ఎవరూ వాడని ఒక మూల పట్టుకుంది. అక్కడ ఏదైనా రాస్తే పాత చిప్పు పారేస్తుంది, కొత్తది దాచుకుంటుంది. ఇక డ్రైవరు తరం అడగడం మానేసి, అక్కడ రాసి చూసుకుని, దాచుకునే చిప్పైతే ఆగి ఆగి రాయడం మొదలుపెట్టింది. ఎక్స్‌రేలు పోవడం ఆగింది.

అంతటితో వదిలారా? కొన్నవాళ్లకు క్షమాపణ ఉత్తరం కావాలి. కూ అది రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ గదికి వచ్చాడు. 'తరం అంకెను నా డ్రైవరు తప్పుగా చదివింది' అని ఉంది. కింద ఆవిడ పేరు.

"ఒక్క సంతకం అక్కా. మీ పింఛనుకు ఇంకా మూడేళ్లే కదా," అన్నాడు నవ్వుతూ.

"నా డ్రైవరు ఉన్నది ఉన్నట్టే చదివింది. బొంకింది నీ చిప్పు, బొంకించింది నువ్వు. ఛీ, నీ మొహం చూడాలంటేనే రోత!"

"అయితే రేపట్నుంచి రావద్దు."

"ఈపూట నుంచే," అని డబ్బా సర్దుకుంది.

నేను గోడ వంక చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రానికి ఉత్తరం నా బల్ల మీదికొచ్చింది. 'తూ మెయ్-చిన్ డ్రైవరు తప్పుగా చదివింది, పరీక్షించి చూశాను' అని మార్చారు. ఇప్పుడు కింద నా పేరు. పెట్టాను సంతకం. కూ పైనాపిల్ కేకు డబ్బా చేతిలో పెడితే, థూ, అదీ తిన్నాను.

నెల తర్వాత చేపల బజారులో ఆవిడ ఎదురైంది. తప్పుకుందామంటే దారి లేదు. బాగా చిక్కిపోయింది.

"ఒరేయ్ చీ-హోంగ్, ఒక్కటి అడుగుతాను. ఆ అంకె సంగతి నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసక్కా!" అన్నాను.

ఆవిడ నా భుజం తట్టింది. "అదే అనుకున్నాన్రా. నీకు తెలిస్తే నాకు చెప్పకుండా ఉంటావా!"