మెడ ఎట్లున్నది?

మెడ పట్టేసినప్పుడల్లా కోరుట్ల బస్సులో కలిసిన ఆమె గుర్తొస్తుంది. జగిత్యాలలో ఎక్కి నా పక్కన కూర్చుంది. తల తిప్పలేక నేను ఒళ్లంతా తిప్పి కిటికీలోంచి చూడటం గమనించి నవ్వింది.

"నాకు గూడ గిట్లనే ఉండె అక్కా. బీడీలు చుట్టి చుట్టి మెడ కట్టెలెక్క అయింది. గీ జగిత్యాలల మెడలు, నడుములు చేతుల్తోనే సరిజేసే కైరోప్రాక్టర్ డాక్టర్ ఉన్నడు. తలకాయ పట్టి గట్ల తిప్పిండు, టక్కుమన్నది. నాలుగుసార్లు పోయేసరికి మొత్తం తగ్గింది."

ఇదివరకు మాపటికి భర్తే నూనె రాసి మెడ పిసికేవాడట. మస్కట్ వెళ్లాక, రోజూ ఫోన్ ఎత్తగానే "మెడ ఎట్లున్నది?" అనే మొదట అడుగుతాడట.

"తగ్గిందంటే మస్తు సంబురపడ్డడేమో," అన్నాను.



"ఇంకా చెప్పలేదక్కా. తగ్గిందంటే, రేపటి సంది ఏమడుగుతడు?"

కోరుట్ల దగ్గర పడుతుండగా ఆమె ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర మీద మగమనిషి ఫొటో. ఆమె కొంగు సర్దుకుంది. తల కొద్దిగా పక్కకు వంచి, ఎడమచెయ్యి మెడ మీద వేసుకుని, అప్పుడు ఫోన్ ఎత్తింది.