ఇరవై మూడు గంటల ఆదివారం

చల్లపల్లి బస్టాండు వెనక సందులో, మేడ మీది గదిలో ఇంద్రజ ఒక్కతే ఉంటుంది. ముప్పై ఆరేళ్లు. గుడివాడలో తోబుట్టువులున్నారు గానీ, తల్లి పోయాక రాకపోకలు ఫోన్లకు, ఫోన్లు పండగలకు తగ్గిపోయాయి. హైదరాబాద్ కంపెనీకి ఇక్కడినుంచే ప్రోగ్రాములు రాస్తుంది. కొన్ని రోజులు పాలు పోసే ఆమెతో తప్ప మరెవరితోనూ నోరు విప్పే పనే పడదు.

జనవరిలో ఇంగ్లండులోని ఒక సేవాసంస్థ కోసం ప్రోగ్రామ్ రాసింది. ఒంటరిగా ఉండే వృద్ధులకు ఆ సంస్థవాళ్లు రోజూ ఉదయం ఎనిమిదికి ఫోన్ చేసి పలకరిస్తారు. ఎవరికి ఎప్పుడు చెయ్యాలో ప్రోగ్రామ్ చెబుతుంది. ఇవాళ్టి ఫోన్‌కు ఇరవై నాలుగు గంటలు కలిపితే రేపటి ఫోన్. ఇందులో ఆలోచించడానికేముంది అనుకుంది.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం టీమ్ లీడ్ గిరిధర్ ఫోన్ చేశాడు.

"ఇంద్రజగారూ, ఆదివారం నుంచీ ఫోన్లన్నీ తొమ్మిదికి వెళ్తున్నాయండీ. అక్కడ వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు. మొన్న ఆదివారం వాళ్లకి ఇరవై మూడు గంటలే."

"రోజుకి ఇరవై మూడు గంటలేంటండీ?"

"ఏడాదికి ఒక్కరోజు అంతే. ఒక ఫిర్యాదు వచ్చింది, మీకు పంపాను, చూడండి."

రాసింది ఎనభై తొమ్మిదేళ్ల ఆవిడ. ఎనిమిదికల్లా టీ కలుపుకుని ఫోన్ పక్కన కూర్చుందట. "నన్ను జాబితాలోంచి తీసేశారనుకున్నాను. గంట తర్వాత ఫోన్ వచ్చినా, ఆ మాట అడగడానికి మొహమాటపడ్డాను."

ఇంద్రజ రెండుసార్లు చదివింది. ఆ సాయంత్రమే ప్రోగ్రామ్ తెరిచింది.

గంటలు కలపడం మానేసింది. తేదీని ఒకటి పెంచి, ఆ ఊరి గడియారంలో ఆ రోజు ఎనిమిది ఎప్పుడవుతుందో చూసేలా తిరగరాసింది. ఏడాది పొడవునా తేదీలు వేసి చూస్తే, గడియారాలు మళ్లీ గంట వెనక్కి జరిపే అక్టోబరు చివరి ఆదివారానికి ఇరవై అయిదు గంటలు తేలాయి. పాత లెక్కయితే ఆ రోజు ఏడింటికే అందర్నీ లేపేసేది.

ఆ ఆదివారం రానే వచ్చింది. సెలవైనా కంప్యూటర్ ముందు కూర్చుంది. అంతవరకూ మన గడియారంలో పన్నెండున్నరకు వెళ్లిన ఫోన్లు ఇక ఒంటిగంటన్నరకు వెళ్లాలి. పన్నెండున్నర దాటింది, ఏదీ కదల్లేదు. ఒంటిగంటన్నరకు తెర మీద, ఫోన్ అందుకున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పచ్చబడసాగాయి. ఆ పెద్దావిడ పేరు పక్కన "మాట్లాడారు, పదకొండు నిమిషాలు" అని పడింది.

ఎవరికైనా చెప్పాలనిపించి మెట్లు దిగింది. వరండాలో ఇల్లుగలావిడ సువర్ణ బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యగారూ, నేను రాసింది సరిగ్గా పనిచేసిందండీ."

"మంచిదమ్మా. మోటారు వేశాను, ట్యాంకు నిండితే ఓ కేకెయ్యి."

"అలాగేనండీ" అని ఇంద్రజ మేడెక్కి, నీళ్లు పడే చప్పుడు వింటూ ట్యాంకు పక్కన నిలబడింది.