గోడ మీద రాయించిన ఫీజు

నాకు జాలిగుణం ఎక్కువని చుట్టాలంటారు. ఆ గుమాస్తా విషయంలో మాత్రం నాకు జాలి లేదు, ఇప్పటికీ లేదు.

సికింద్రాబాద్‌లో మా పాత ఇంట్లో కింద గోడౌను అద్దెకిచ్చి, మేం పైన ఉండేవాళ్లం. మావారికి మోకాళ్లు అరిగిపోయాక మెట్లు గండమయ్యాయి. ఆ ఇల్లు అమ్మేసి, సైనిక్‌పురిలో కింది అంతస్తు ఫ్లాటు ఒకటి కొనుక్కోవాలనుకున్నాం. వాకిట్లోంచి తిన్నగా హాల్లోకి నడిచిపోవచ్చు. చూసొచ్చిన సాయంత్రమే ఆయన తన కుర్చీ ఏ కిటికీ పక్కన వేసుకోవాలో కూడా తేల్చేశారు. దాన్ని అమ్మేవాళ్లు నెల రోజులు ఆగుతామన్నారు.

మా ఇల్లు కొనే ఆయనకు బ్యాంకు అప్పు రావాలంటే, ఇంటి పన్ను బకాయి లేదని ఆఫీసు పత్రం ఇవ్వాలి. ఏ ఆఫీసో చెప్పను. మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతలే ఉండేది. కౌంటర్లో ఫీజు కట్టాను. పత్రం రాసే గుమాస్తా నా రశీదు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫీజైతే కట్టిన్రు. మరి మా సంగతేందమ్మా?"

"దానికీ రశీదిస్తారా?" అన్నాను.

అంతే. మర్నాటి నుంచి సర్వర్ డౌన్. ఆ తర్వాత సార్ సెలవు. ఆ తర్వాత ఫైలు పైకి పోయింది, కిందికి రాలేదు. పదకొండుసార్లు రోడ్డు దాటాను. "వాడి మొహాన పడేయరాదూ," అన్నారు మావారు. పడేయలేదు. ఏనాడూ పన్ను ఒక్క రోజు ఆలస్యం చేయని మనిషిని, నేనెందుకు పడేయాలి? నెల దాటింది. సైనిక్‌పురి వాళ్లు ఫ్లాటు ఇంకెవరికో అమ్మేశారు. ఆ తర్వాతి వారం గుమాస్తా నా చేతిలో పత్రం పెట్టి, "గింతదానికి అంత పరేషాన్ ఎందుకైతరమ్మా?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది.

అడ్వాన్సు పుచ్చుకున్నాం కాబట్టి అమ్మకం ఆపలేం. ఇల్లు అప్పగించడానికి ఇంకా మూడు వారాలున్నాయి. పెయింటర్ను పిలిచి, ఆఫీసు గేటుకు ఎదురుగా ఉన్న మా ప్రహరీ మీద బారెడు నీలం అక్షరాలతో రాయించాను: ఆ పత్రానికి అసలు ఫీజు ఎంతో, నాకు ఎన్ని రోజులు పట్టిందో, ఏ కిటికీ దగ్గర ఆగిందో. "టులెట్‌లు రాసిన, ప్లాటు అమ్మబడును రాసిన. గిట్లాంటిది ఎన్నడు రాయలే మేడం," అన్నాడు పెయింటర్. ముచ్చటపడి, అడక్కుండానే ఆఫీసు వైపుకు ఒక బాణం గుర్తు కూడా వేశాడు.

రెండో రోజుకే జనం ఆగి ఫొటోలు తీసుకోవడం మొదలైంది. నేను పైనుంచి కాఫీ తాగుతూ చూశాను. సిగ్గేం పడలేదు.

మూడో రోజు గుమాస్తా మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమనలేదు.

"అమ్మా, ఆ గోడ జెర తుడిపియ్యండి. పెద్దసార్ పిలిచి అడిగిండు. నా బిడ్డ సుత ఫొటో చూసింది."

ఆ చివరి మాటకు మెత్తబడ్డాను, ఒక్క క్షణం. తర్వాత, "అర్జీ రాసివ్వండి," అన్నాను.

నిజంగానే రాశాడు! పెయింటర్ సెలవులో ఉన్నాడని, సోమవారం రమ్మన్నాను. సోమవారం వస్తే సున్నం ఇంకా రాలేదన్నాను. అలా నాలుగుసార్లు తిప్పాను. మిగతా ఏడూ తిప్పేదాన్నే, ఈలోగా ఇల్లు అప్పగించే రోజు వచ్చేసింది. కొన్నాయన పడీపడీ నవ్వి, ఆ గోడ జోలికి పోనని మాటిచ్చాడు.

హడావుడిలో మాకు దొరికింది రెండో అంతస్తు. లిఫ్టు లేదు.

మొన్న కూరలు కొనుక్కుని వస్తుంటే, మావారు మెట్ల మలుపులో సంచి పక్కన పెట్టుకుని కూలబడ్డారు. నేనూ పక్కనే కూర్చున్నాను. గోడ సంగతి గుర్తొచ్చి నవ్వారు. "వాడడిగింది నువ్వు ఇవ్వకపోవడమే మంచిదైందిలే," అన్నారు. ఆ కాస్త మాటకే మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నారు.

ఆ గుమాస్తాను అప్పటికప్పుడు రప్పించి ఆ మెట్ల మీద నిలబెట్టాలనిపించింది. వాడి పక్కనే నన్ను కూడా.