ఉయ్యాల గుడ్డ మీద ఎర్ర చేతులు

మా చిన్నప్పుడు... పెడనలో అమ్మమ్మ వాళ్ళ వీధి మలుపు తిరగ్గానే కరక్కాయ వాసన వచ్చేది. గేదెపాలలో కరక్కాయ పొడి కలిపి, అందులో తడిపిన గుడ్డలు దండేల మీద ఆరుతుండేవి. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన వచ్చిందంటే సెలవులు మొదలైనట్టే...

అమ్మమ్మది అద్దకం పని. పగలంతా కార్ఖానాలో కలంకారీ దుప్పట్లు అద్దేది. ఇంటికొచ్చి వంటా వార్పూ అయ్యాక కూడా ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. అరిగిపోయి పక్కన పడేసిన చెక్క అచ్చులు అడిగి తెచ్చుకునేది. సగం విరిగిన మామిడిపిందె అచ్చుని తిరగేసి అద్దితే చిలక రెక్క! అంచు ముక్కని గుండ్రంగా తిప్పుతూ అద్దితే నెమలి పింఛం!

"ఎవరు నేర్పారు అమ్మమ్మా?" అంటే, "ఒకళ్ళు నేర్పేదేంటే... చేతికి తోచింది, చేశాను" అనేది.

మా ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా బారసాలకి ఉయ్యాల గుడ్డ అమ్మమ్మే అద్దాలి. ఆ వేసవిలో మా పిన్నికి బాబు పుట్టాడు... పెళ్ళైన చాన్నాళ్ళకి. పిన్ని అత్తగారిది గుడివాడ. మంచావిడే గానీ, దేనికో దానికి వంక పెట్టందే ఆవిడకి అన్నం సయించదు. "ఆవిడ ముందు మాట రాకుండా చూడమ్మా" అని పిన్ని ముందే బతిమాలుకుంది.

ఈ అద్దకంలో ఒక తమాషా ఉంది. ఎరుపు రావాల్సిన చోట అద్దేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్ళు. ఆరాక అమ్మమ్మ కళ్ళకే సరిగ్గా ఆనేది కాదు. తరవాత రంగు వేర్లు వేసి రాగి డేగిసాలో ఉడకబెడితే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది.

అమ్మమ్మ గుడ్డ అద్ది, వసారాలో చాప మీద పరిచి, వంటింట్లోకి వెళ్ళింది. మూడేళ్ళ మా చెల్లి చిట్టి పటిక గిన్నెలో చేతులు ముంచి, ఆ గుడ్డ మీద టపటపా కొట్టుకుంటూ ఆడుకుందట. ఎవ్వరం చూడలేదు.

మర్నాడు డేగిసాలో కర్రతో తిప్పుతుంటే... చిలకలతో, నెమళ్ళతో పాటు చిన్న చిన్న ఎర్ర చేతులు పైకొచ్చాయి!

పిన్ని ఒకటే ఏడుపు. ఇంకోటి అద్దుదామంటే కుదరదు. ఉడికిన గుడ్డని పారే నీళ్ళలో జాడించాలి... ఆ మర్నాటి నుంచి కాలువకి నీళ్ళు కట్టేస్తున్నారు. చిట్టి వెళ్ళి బియ్యం డ్రమ్ము వెనక దాక్కుంది.

అమ్మమ్మ చిట్టిని బయటికి లాగి, ఆ అరచెయ్యి గుడ్డ మీద ఆనించి చూసింది. "ఓసి నీ... గీతలతో సహా ఎంత బాగా పడిందే!" అని ఆ చేతిని ముద్దు పెట్టుకుంది. గుడ్డ ఆరాక పసుపు రంగులో కుంచె ముంచి, ప్రతి ఎర్ర చేతికీ గాజులు గీసింది... అచ్చం చిలకలపూడి రోల్డుగోల్డు గాజుల్లా సన్నగా, జతలు జతలుగా.

బారసాల నాడు పిన్ని అత్తగారు కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది.

"ఇవేంటండీ వదినగారూ, మరకలా?"

"మరకలు కాదండీ, వాడి అక్క చేతులు. ఉయ్యాల ఊపేది అదేగా మరి!"

ఆవిడ చాలాసేపు చూసి, "అయితే మా పెద్దబ్బాయి పిల్లలేం పాపం చేశారండీ? వాళ్ళ చేతులు కూడా వేయించాల్సింది" అంది. పిన్ని కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

అంతే... అప్పట్నుంచీ మా ఇళ్ళలో అదో ఆనవాయితీ అయిపోయింది. ఏ బిడ్డ పుట్టినా ముందు పుట్టినవాళ్ళంతా వరసగా కూర్చుని పటిక నీళ్ళలో చేతులు ముంచాల్సిందే. అబ్బాయిలకీ గాజులే! గోల చేసినా అమ్మమ్మ వినేది కాదు.

చివరిగా అద్దింది మా అమ్మాయి బారసాలకి. ఆవిడ చేతులు అప్పటికే వణుకుతున్నాయి. "ఈసారి నీ చెయ్యి కూడా వెయ్యాలి అమ్మమ్మా" అని పట్టుబట్టాం. సిగ్గుపడుతూ ఒక మూల వేసింది. ఉడికాక అందరి చేతులకీ తనే గాజులు గీసి... తన చెయ్యి మాత్రం వదిలేసి కుంచె కింద పెట్టింది. తాతయ్య పోయినప్పట్నుంచీ ఆవిడ గాజులు వేసుకోలేదు.

అప్పటికి కాలేజీలో చదువుతున్న చిట్టి కుంచె అందుకుంది. అమ్మమ్మ చేతికి ఒక జత గీసింది.

"ఇప్పుడు నాకెందుకే..." అంది అమ్మమ్మ. గుడ్డ దగ్గరికి లాక్కుని చూసుకుంది... చూసుకుని, చూసుకుని, "ఇంకో రెండు వెయ్యవే. చెయ్యి బోసిగా ఉంది" అంది.

అమ్మమ్మ లేదిప్పుడు. ఫోన్లో నొక్కితే కలంకారీ దుప్పటి గుమ్మంలోకి వస్తోంది... ఒక్క మరకుండదు, ఎవరి చెయ్యీ ఉండదు. మొన్న మా అమ్మాయి బీరువాలోంచి ఆ ఉయ్యాల గుడ్డ తీసి, అమ్మమ్మ చేతి మీద తన చెయ్యి పెట్టి చూసుకుంది. వేళ్ళు దాదాపు సరిపోయాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి చేతి గుర్తు ఏదో ఒకటి దాచుకునే ఉంటారు... తీసి చూసి, మాకూ చెప్పరూ...