పిన్ని ఎంచుకున్న మట్టిరంగు జత

మా పిన్ని చొక్కాలు కుడుతుంది. భుజం దగ్గర పావంగుళం తేడా వచ్చినా విప్పి మళ్లీ కుట్టేదాకా ఊరుకోదు. అలాంటి మనిషి కుట్టుమిషన్ పక్కనున్న అద్దాల తొట్టిలోకి మూడుసార్లు బ్లూ రామ్ చేపల్ని తెచ్చింది. మూడుసార్లూ అవి వారం తిరక్కుండానే చచ్చిపోయాయి.

"ఇంకొక్కసారి చచ్చాయంటే తొట్టి అమ్మేస్తా. నీకు చేపలు అచ్చిరావే" అన్నాడు బాబాయి.

పిన్నికి పౌరుషం పొడుచుకొచ్చింది. తొట్టి పోతుందన్న దిగులుకన్నా, అవి ఎందుకు చచ్చాయో తెలియకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

జవాబు ఇస్త్రీపెట్టె చెప్పింది. ఆవిరి వచ్చే కన్నాలు మళ్లీ తెల్లగా పూడుకుపోయాయి. సూదితో ఆ సున్నం గీరుతూ గీరుతూ పిన్ని ఆగిపోయింది. పెట్టెలో పోసేదీ, తొట్టిలో పోసేదీ ఒకే కుళాయి నీళ్లు!

వెంటనే నన్ను వెంటబెట్టుకుని చేపల కొట్టుకు వెళ్లింది. కొట్టాయన అలవాటుగా బ్లూ రామ్‌ల మీదికి వల పట్టాడు.

"ఆగండి. వీటికి సున్నం నీళ్లు పడతాయా?"

"పడవమ్మా."

"మరి మూడుసార్లు అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా!"

నేనైతే ఆ కొట్టు పీకి పందిరేసేదాన్ని. పిన్ని పక్క తొట్టి ముందు వంగింది. అవీ రామ్‌లే, బొలీవియన్ రామ్‌లట. అదే వాలకం, కంటి మీదుగా అదే నల్లచార. కాకపోతే నీలి తళుకుల్లేవు. మట్టిరంగు ఒళ్లు, తోకకు సన్నని ఎర్ర అంచు. మా కుళాయి నీళ్లకు తట్టుకుంటాయట.

"వెలిసిపోయినట్టున్నాయి పిన్నీ" అన్నాను.

"వెలిసినా బతుకుతాయి. ఆ జత పట్టండి" అంది.

ఇంటికొచ్చాక బాబాయి ఒకటే నవ్వు. పిన్ని కొలతలు రాసే పుస్తకం చివరి పేజీలో రోజుకో గీత గీసింది, అంతే.

ముప్ఫై గీతలు దాటాక ఒక ఉదయం నేను తలుపు తోసేసరికి బాబాయి నోటిమీద వేలుతో ఎదురొచ్చాడు. "మెల్లగా రావే! గుడ్లు పెట్టాయి."

తొట్టిలో చదును రాయి మీద గుడ్లు, వాటికి చెరోవైపు కాపలాగా ఆ రెండు చేపలు. మిషన్ తొక్కితే తొట్టి అదురుతుంది. ఎనిమిది చొక్కాలేమో సాయంత్రానికల్లా ఇవ్వాలి. పిన్ని మూలన కూర్చుని చేత్తో కాజాలు కుడుతోంది. జన్మలో సూది పట్టని బాబాయి ఆమె పక్కన చేరి గుండీలు కుట్టడం మొదలెట్టాడు.

అన్నీ వంకరే. పిన్ని ఒక్కటీ విప్పలేదు.