రేవు దారిలో ఐలన్న బాణాలు

గొర్లు కాసే ఐలన్నంత పిరికివాడు దామరచర్ల నుంచి కోదాడ దాకా వెతికినా దొరకడని రేవుగూడెంలో అందరూ అనేవారు. చాటుమాటుగా కాదు, మొహం మీదే అనేవారు. ఐలన్న కూడా కాదనేవాడు కాదు. నిజానికి తోడేలంటే అతనికి భయం లేదు, పామంటే లేదు. ఉన్న భయమంతా రెండింటి మీదే. ఊరి పక్కన పారే కృష్ణ ఒకటి, ఒక్కగానొక్క బిడ్డ గోపిక ఇంకొకటి.

ఐలన్న వయసులో ఉండగా అతని అన్న శంకరయ్య ఏటి నడుమ బండల మీదికి మేతకు పోయిన గొర్రెపిల్లలను తోలుకురావడానికి దిగాడు. ఎగువన డ్యాం గేట్లు ఎత్తారన్న కబురు ఊరికి చేరేసరికే నీళ్లు చేరాయి. శంకరయ్య గొంగడి దొరికింది గానీ శంకరయ్య దొరకలేదు. ఆనాటి నుంచి ఐలన్న ఆ నది పేరు నోటితో పలకలేదు. "దానికి ఇయ్యాల ఒళ్లు బాగలేదు" అన్నాడంటే వరద వచ్చేలా ఉందని ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోవాలి.

అలాంటి మనిషి బిడ్డను ఏటి ఛాయలకు పోనిస్తాడా! గోపిక ఆ ఊళ్లోనే పుట్టింది గానీ రేవు మెట్లు ఎట్లుంటాయో ఎరగదు. మిర్యాలగూడలో టీచర్ ట్రైనింగుకు చేరాక కూడా ఐలన్న వదల్లేదు. ఆమె బస్సెక్కితే వెనకాల ఆటోలో ఎక్కేవాడు. కాలేజీ గేటుకు ఎదురుగా, భుజాన గొంగడితో, ఏమీ ఎరగనట్టు నిలబడేవాడు. "మీ సీఐడీ వచ్చిండే" అని తోటి పిల్లలు నవ్వితే గోపికకు తల కొట్టేసినట్టయ్యేది. ఇంటికొచ్చి తండ్రిని కడిగేసేది. ఐలన్న తల వంచుకుని అన్నీ వినేవాడు, మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. భార్య లక్ష్మీనర్సమ్మ ఇద్దరికీ చెప్పీ చెప్పీ విసిగి ఊరుకుంది.

అది రెండువేల ఎనిమిది. ఊరి బడిలో సోషల్ చెప్పే స్టీఫెన్ సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఒకప్పుడు సముద్రం దిక్కు నుంచి ఉప్పు పడవలు వచ్చి ఆగిన రేవు ఇది. కోట దర్వాజ ఒకచోట, శాసనం రాయి ఒకచోట, పడవల దగ్గర సుంకం వసూలు చేసిన మండపం ఇంకొకచోట, చివర రేవు మెట్లు, అన్నీ తుమ్మచెట్లలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఊరి నుంచి రేవు దాకా బండల మీద పసుపు బాణాలు వేస్తే, కొత్తవాళ్లు కూడా ఎవరినీ అడగకుండా అన్నీ చూసి రావచ్చు. ఆ తుమ్మల్లో ప్రతి బండనూ ఎరిగినవాడు ఐలన్నే కాబట్టి రంగు డబ్బా, కుంచె అతని చేతికే వచ్చాయి.

ఐలన్న ఎంత శ్రద్ధగా వేశాడో! అయితే గొర్లకాపర్లది ఒక పద్ధతి ఉంది. మందను తోలుకుపోయేటప్పుడు దారి గొర్రెలే చూసుకుంటాయి, మేత ఎటుంటే అటు పోతాయి. పొద్దుగూకి ఇంటికి మళ్లినప్పుడే మనిషికి దారి కావాలి. అందుకని రాతికి ఎర్రమన్ను జాజు బొట్టు పెట్టినా, ఇంటికి మొహం పెట్టి వచ్చేవాడి కంటికి ఆనేలాగే పెడతారు. తాత చేసినట్టు తండ్రి, తండ్రి చేసినట్టు ఐలన్న. బాణాలన్నీ ఏటి వైపు ముఖాల మీద, ఊరి దిక్కు చూపిస్తూ వేసేశాడు. ఊరి నుంచి పోయేవాడికి ఒక్కటీ కనిపించదన్న సంగతి అతని బుర్రకు తట్టనే లేదు.

సారు కూడా పట్టుకోలేకపోయాడు పాపం. ఆయన మోటారుసైకిలు మీద డొంకదారిన నేరుగా రేవుకు వచ్చి, అక్కడి నుంచి ఐలన్నతో కలిసి ఊళ్లోకి నడిచాడు. ప్రతి బండా పసుపుపచ్చగా పలకరించింది. "శభాష్ ఐలన్నా" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

వానాకాలం మధ్యలో ఒక ఆదివారం గోపిక తన తోటి ట్రైనింగు ఆడపిల్లలను ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లకు బాణాల దారి చూపిస్తానంది. ఐలన్న చేతికర్ర అందుకున్నాడు. "నేను గూడ వస్త బిడ్డా, ముంగట నడుస్త" అన్నాడు.

"వద్దు. బాణాలు నువ్వే ఏసినవ్ గద, ఇంగ భయమెందుకు? నా ఎంబడి వస్తే ఒట్టే నాయినా. నా మీద ఒట్టు."

బిడ్డ మీద ఒట్టు! ఐలన్న దర్వాజ అరుగు మీద కూలబడ్డాడు. పిల్లలు నవ్వుకుంటూ తుమ్మల్లోకి వెళ్లిపోయారు. సన్నగా తుంపర మొదలైంది. ఐలన్నకు కూర్చుంటే కుదరలేదు, లేచి నిలబడితే కాళ్లు ఆగలేదు. అప్పుడు ఊళ్లో డప్పు మోగింది.

పిచ్చయ్య చాటింపు వేస్తున్నాడు. "పైన గేట్లు లేపిన్రహో! ఏట్లెకు ఎవలు దిగొద్దహో!"

ఐలన్నకు చెవుల్లో గుయ్యిమంది. ఒట్టూ లేదు గిట్టూ లేదు, పరుగందుకున్నాడు. శాసనం రాయి దగ్గర మొదటి బాణం కోసం చూశాడు. బండ బోడిగా ఉంది. ఇక్కడ వేయడం మరిచానా అనుకుని దాటి, వెనక్కి తిరిగి చూశాడు. పసుపు బాణం అతని మొహంలోకి చూసింది. తర్వాతి బండ దగ్గరా అంతే. ఆ తర్వాతా అంతే. అప్పుడు అర్థమైంది అతనికి. తన బిడ్డకు తోవ అన్నది లేకుండా తానే తుమ్మల్లోకి పంపించాడు!

"అన్నను మింగినవ్, సాలదా? నా బిడ్డనన్న ఇడిచిపెట్టు" అని ఏడుస్తూ పరుగెత్తాడు.

గట్టు మీద ఏనుగంత బండ ఉంది. అక్కడ దారి ఎడమకు తిరిగి గట్టు వెంటే మండపానికి, రేవుకు పోతుంది. నేరుగా దిగితే ఏటి బండల్లోకే. ఈవైపు బండ బోడిగానే ఉంది. తడిసిన మట్టిలో ఆడపిల్లల చెప్పుల గుర్తులు నేరుగా కిందికి దిగి ఉన్నాయి.

ఐలన్న కింద చూశాడు. పొద్దున ఎండిపోయి ఉన్న పాయలో ఎర్రటి నీళ్లు కదులుతున్నాయి. నడుమ బండల మీద మనిషన్నవాడు లేడు. శంకరయ్య దిగిన చోటు సరిగ్గా అదే. అన్నేళ్లుగా ఆ గట్టు కిందికి అడుగు పెట్టని మనిషి, దిగాడు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి, తొడలకు ఎక్కాయి. "గోపికా! బిడ్డా!" అని అరిచాడు. కాలికింద రాయి దొర్లింది, పడ్డాడు. లేచేసరికి నీళ్లు నడుముకొచ్చాయి. చేతికర్రను రాళ్ల సందున గుచ్చి వేలాడాడు. బిడ్డ ఇక లేదనే అనుకున్నాడు. తానూ వదిలేస్తే సరిపోతుందని కూడా అనుకున్నాడు.

"నాయినా!"

పిలుపు నీళ్ల నుంచి కాదు, గట్టు మీది నుంచి వచ్చింది. మండపం వైపు పొదల్లోంచి గోపిక పరుగెత్తుకొస్తోంది, వెనకాల మిగతా ముగ్గురు. వానకు మండపంలో కూర్చుని పులిహోర తింటున్న పిల్లలకు చాటింపు వినపడలేదు గానీ ఐలన్న అరుపు వినపడింది. నలుగురూ చున్నీలు ముడేసి విసిరారు. ఒక చున్నీ కొస ఐలన్న చేతికి అందింది. లాగి, ఈడ్చి, గట్టున పడేశారు. ఏటికి బిడ్డ దొరకలేదు గానీ, దాని చేతిలోంచి తండ్రిని బిడ్డే గుంజుకొచ్చింది.

ఊపిరి తిరిగాక ఐలన్న బిడ్డ రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "తప్పయింది బిడ్డా. బాణాలు అటు మొఖాన ఏసిన. మిమ్మల్ని నేనే అండ్లకు తోలిన."

"అవ్, దిగినం" అంది గోపిక. "నడుమ బండల దాంక పోయినం. ఆడికెల్లి ఎటు పోవాల్నో తెల్వలే. ఎనుకకు తిరిగి సూస్తే గీ బండ మీద నీ బాణం కనబడ్డది. దాన్ని సూసుకుంటనే బండ ఆవలి పక్కకెల్లి గట్టెక్కినం. ఎక్కితే మండపం కండ్లవడ్డది."

ఐలన్న బండకేసి చూశాడు. తడిసిన బాణం పసుపుపచ్చగా మెరుస్తోంది.

"ముంగట రేవు ఉందని పోయేటోళ్లు ఎనుకకెందుకు సూసిన్రు బిడ్డా?"

గోపిక చున్నీ పిండి తండ్రి తల తుడిచింది.

"ఒట్టేస్తె మాత్రం నువ్వు ఆగుతవా నాయినా? ఎంబడి వస్తున్నవేమోనని సూసిన."