చలికి పూసే మొక్కలు

పోచమ్మది ఖాజాగూడ. ముప్పయ్యేళ్లు రాళ్లు కొట్టింది. ఒంట్లో ఇక ఆ సత్తువ లేక, తొంభై ఏడులో మాదాపూర్‌లో కొత్తగా వెలిసిన ఒక కంప్యూటర్ ఆఫీసులో తోటపనికి కుదిరింది. అక్కడ తోట బాధ్యత చూసే కామేశ్వరరావుగారిది కాకినాడ. ఆయన ముచ్చటపడి గులాబీలు పెట్టించారు, పచ్చగడ్డి పరిపించారు.

మరుసటి వేసవికి బోరు ఎండింది. ట్యాంకరు నీళ్లు మనుషులకే చాలలేదు. మే నెలాఖరుకి గడ్డి గోనెపట్టాలా మారింది, గులాబీలు పుల్లలయ్యాయి.

అంత ఎండల్లోనూ ఖాజాగూడ గుట్ట మీద, రాళ్ల సందుల్లో, ఒక పొద చావకుండా నిలబడుతుందని పోచమ్మకు తెలుసు. తొలివానకు దాని కొమ్మలు కోసుకొచ్చి ఆఫీసు దారి పొడుగునా నాటింది. అన్నీ బతికాయి. దసరా నాటికి నడుమెత్తు పెరిగాయి. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

“ఏమిటమ్మా ఈ పిచ్చిమొక్కలు? డిసెంబరులో కంపెనీ పెద్దలొస్తున్నారు. ఇవి పీకించేసి కుండీలు పెట్టిస్తాను. మనిషిని కూడా నర్సరీవాళ్లే ఇస్తామంటున్నారు” అన్నారు కామేశ్వరరావు.

“జర ఆగుండ్రి సారూ. చలి వడితేనే పూస్తయివి.”

“వీటి పేరేమిటి?”

“మేమైతే నీలపువ్వంటం.”

ఆయన ఆ పేరెప్పుడూ వినలేదు. అయినా నెల గడువిచ్చారు.

ఆ ఏడు మబ్బులు వీడలేదు, చలి రాలేదు. పోచమ్మ రోజూ పొద్దున్నే ఆకులు విడదీసి చూసేది. ఈ పని పోతే మళ్లీ సమ్మెట పట్టే ఓపిక లేదు. అన్నం సయించేది కాదు.

గడువు రేపటితో తీరుతుందనగా కామేశ్వరరావు వెంట పారలతో కూలీలొచ్చారు. పోచమ్మ ఆ పొద్దునే ఒక కొమ్మ చివర తన కంటబడ్డ, ముళ్లముళ్లగా ఉన్న ఆకుపచ్చ గుత్తిని తుంచి, గోటితో చీల్చి, లోపల దాక్కున్న ఊదారంగు మొగ్గను ఆయన అరచేతిలో పెట్టింది.

కామేశ్వరరావు కళ్లజోడు సవరించుకున్నారు.

“ఇవి డిసెంబరాలు కదూ! మా అమ్మ కనకాంబరాలతో కలిపి మాల కట్టేది. దండలో చూడ్డమేగాని, చెట్టు ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు. ముందే చెప్పొద్దూ!”

“చెప్పిన గద సారూ, నీలపువ్వని.”

ఆయన ఫక్కున నవ్వి, కూలీలను పంపించేశారు.

వారం తిరక్కుండా చలి గాలి మొదలైంది. పెద్దలొచ్చిన రోజుకి దారికి రెండువైపులా ఊదారంగు పరుచుకుంది. వచ్చే వేసవికి గడ్డి వద్దు, ఈ మొక్కలే పెంచండి, ఈమెనే ఉంచండి అన్నారు వాళ్లు.

ఆ మధ్యాహ్నం పోచమ్మ చెట్టునీడన సద్ది విప్పి, అంతా తిని, పక్కన ఊడ్చే ఆమెను ఇంకొంచెం తొక్కు అడిగి పెట్టించుకుంది.